న్యాయవిద్యా ప్రవేశ పరీక్ష: గ్రామము అందింపదగిన చేయూత

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు ఇంటి పన్ను వసూలు, మంచినీటి పథకముల నిర్వహణ, పారిశుద్ధ్యము, గ్రామసభ తీర్మానములు మున్నగు విషయములను గురించి వినుచున్నారు. వాని నడుమ ఒక ప్రవేశ పరీక్షను గూర్చి మాట్లాడుమని నన్ను కోరినారు. ఇది పంచాయతీ సభ్యులకు పనికివచ్చు విషయమేనా యని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని ఆలోచించి చూడగా, న్యాయ కళాశాలల ప్రవేశ పరీక్షలో మన పల్లె పిల్లలు వెనుకబడుటకు గల కారణములలో కొన్ని పుస్తకములలో ఉన్నవి. తక్కినవి మన ఊళ్ళలోనే ఉన్నవి. ఊరిలో ఉన్నవానిని సరిదిద్దగలవారు మీరే.

ముందుగ నేను చేసిన ఒక తప్పును మీ యెదుట చెప్పుకొనవలెను.

మా ఊరిలో ఎకరమున్నర మెట్ట గల ఒక చిన్న రైతు కలడు. ఆయన అప్పు పత్రమనుకొని వేలిముద్ర వేసిన కాగితము, తీరా చూడగా క్రయ అగ్రిమెంటు అయినది. ఆ భూమి కొరకు ఆయన ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కి దిగినాడు. ఆయన వెంట కాగితముల సంచి పట్టుకొని ఒక ఆడపిల్ల వచ్చుచుండెడిది. ఆయన కుమార్తె. తాను న్యాయవాది కావలెనని ఆ పిల్ల కోర్టు వరండాలోనే నిశ్చయించుకొన్నది. ఇంటర్మీడియేటు ముగించి, ఎవరి సాయమును లేకుండ ప్రవేశ పరీక్ష వ్రాసినది. ఫలితములు వచ్చిన మరునాడు, బస్సు కొరకు రావిచెట్టు క్రింద నిలుచున్న పదిమంది ఎదుట, “ఏమ్మా, ర్యాంకు ఎంత వచ్చింది?” అని ఒక పెద్దమనిషి అడిగినాడు. ఆ పిల్ల తల వంచుకొని చెప్పినది. ఆ సంఖ్య చాల పెద్దది. “లాయరంటే మాటలా! పెళ్ళి చేసెయ్యండి” అని ఇంకొకరు నవ్వినారు. ఆ పిమ్మట రెండు నెలల పాటు ఆ పిల్ల రావిచెట్టు వైపునకు రాలేదు. రేషను దుకాణమునకు కూడ పొలము గట్ల మీదుగ చుట్టు తిరిగి పోయెడిదని తరువాత తెలిసినది.

ఆ ప్రశ్న అడిగిన పెద్దమనిషిని నేనే. మేలు కోరియే అడిగినాను. అయినను పదిమందిలో అడుగగూడదని నాకు తోచలేదు. ఆ పిల్ల సంగతి తరువాత ఏమైనదో చివర మనవి చేసెదను.

పరీక్ష స్వరూపము

న్యాయవిద్యకు రెండు మార్గములు కలవు. ఇంటర్మీడియేటు ముగించినవారు 5 సంవత్సరముల చదువులోను, డిగ్రీ ముగించినవారు 3 సంవత్సరముల చదువులోను చేరవచ్చును. మన రాష్ట్రములోని కళాశాలలలో చేరుటకు లాసెట్ అను పరీక్ష వ్రాయవలెను. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిదప ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు ఈ పరీక్షను వేర్వేరుగ జరుపుచున్నవి. రెంటి స్వరూపము ఇంచుమించు ఒకటియే. ఇది కంప్యూటరుపై వ్రాయవలసిన పరీక్ష. 90 నిమిషములలో 120 ప్రశ్నలు. ప్రశ్నకు 1 మార్కు. సామాన్య జ్ఞానము, తర్కశక్తి కలిపి 30 ప్రశ్నలు. వర్తమాన విషయములు 30. న్యాయశాస్త్ర అధ్యయనమునకు గల అభిరుచిని పరీక్షించునవి 60. ప్రశ్నలు ఇంగ్లీషుతోపాటు తెలుగులోను ఉండును. ఇది మన పిల్లలకు గొప్ప సౌకర్యము. అర్హత పొందుటకు 120కి 42 మార్కులు, అనగా నూటికి 35 వంతున రావలెను. షెడ్యూల్డు కులముల, తెగల అభ్యర్థులకు ఈ కనీస నియమము లేదు. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపరు.

రెండవది దేశమంతటికి చెందిన క్లాట్ అను పరీక్ష. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో చేరుటకు ఇది ద్వారము. పూర్వము ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఒక్కొక్క పరీక్ష పెట్టెడిది. పిల్లలు ఊరూరు తిరుగలేక, ఫీజులు కట్టలేక ఇబ్బంది పడెడివారు. సుప్రీంకోర్టు ఎదుట ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యము వచ్చిన తరువాత, 2008లో మొదటిసారి ఉమ్మడి పరీక్ష జరిగినది. హైదరాబాదులో 1998లో ఏర్పడిన నల్సార్ విశ్వవిద్యాలయము, విశాఖపట్టణములోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము ఈ పరీక్ష ద్వారానే విద్యార్థులను చేర్చుకొనుచున్నవి. ఈ పరీక్షలో ఇప్పుడు 2 గంటలలో 120 ప్రశ్నలు ఉండును. ఇంగ్లీషు, వర్తమాన విషయములు, న్యాయ తర్కము, సామాన్య తర్కము, లెక్కలు అని 5 భాగములు. పెద్ద పేరాను చదివి దాని క్రింది ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. నాలుగు తప్పులకు ఒక మార్కు పోవును. ఇంతవరకు ఇది ఇంగ్లీషులో మాత్రమే జరుగుచున్నది. ప్రాంతీయ భాషలలో కూడ జరుపవలెనని 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము వేసినవారు కలరు. తెలుగులో చదివిన మన పిల్లలకు ఈ గడప ఎత్తైనది. ఎత్తైనదని ముందే తెలిసినవాడు కాలు ఎత్తి దాటును. తెలియనివాడు తట్టుకొని పడును.

విశాఖపట్టణపు విశ్వవిద్యాలయమునకు ఎవరి పేరు పెట్టినారో ఒకసారి తలచుకొందము. దామోదరం సంజీవయ్యగారు 1921లో కర్నూలు సమీపమున పెద్దపాడు గ్రామములో ఒక పేద దళిత కుటుంబమున జన్మించినారు. మదరాసులో న్యాయశాస్త్రము చదివి న్యాయవాది అయినారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారిని ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి చదివించినది. ఆయన మొదట రెండవ తరగతి ప్లీడరుగ రాజమహేంద్రవరములో పనిచేసి, 1904లో ఇంగ్లండునకు పోయి బారిస్టరు అయి తిరిగివచ్చినారు. న్యాయవాద వృత్తి పట్టణపు పిల్లల సొత్తు అని తలంపనక్కరలేదని చెప్పుటకే ఈ పేర్లను తలచినాను.

తయారగుట ఎట్లు

ఈ పరీక్షకు కావలసిన చదువులో చాల భాగము పల్లెలో కూర్చుండి చదువదగినదే. ప్రతిదినము వార్తాపత్రికను ఒక గంట చదివి, ముఖ్యమైన విషయములను తేదీతోసహా ఒక నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. వర్తమాన విషయముల భాగమును పరీక్షకు ముందు నెలలో కూర్చుండి కంఠస్థము చేయుట దుర్లభము. నెలనెల పోగుచేసికొన్నవారికి అది గాదెలోని ధాన్యము వంటిది.

రాజ్యాంగమును చదువవలెను. ఇందులో మీరు పిల్లలకు ఉపాధ్యాయులు కాగలరు. గ్రామ పంచాయతీలను ఏర్పరుపవలెనని చెప్పునది రాజ్యాంగములోని 40వ అధికరణము. పంచాయతీలకు రాజ్యాంగములో స్థిరమైన స్థానము కల్పించినది 1992 నాటి 73వ సవరణ. అది 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. కావుననే ఏప్రిల్ 24ను జాతీయ పంచాయతీరాజ్ దినముగ జరుపుకొనుచున్నాము. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు 11వ షెడ్యూలులో ఉన్నవి. ఉచిత న్యాయ సహాయమును గూర్చిన 39ఎ అధికరణము 1976లో చేర్చబడినది. ఇవన్నియు ప్రవేశ పరీక్షలలో అడుగదగిన ప్రశ్నలే. మీ బీరువాలోని పంచాయతీరాజ్ చట్టపు పుస్తకమును ఒక వారము ఆ పిల్లవాని చేతికి ఇచ్చి చూడుడు.

ఒక హెచ్చరిక. పాత పుస్తకములు కొని మోసపోవద్దు. 2024 జూలై 1 నుండి భారత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత, పాత సాక్ష్య చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినవి. పాత సెక్షను సంఖ్యలు వల్లెవేసినవారికి శ్రమ వృథా యగును.

ఇక న్యాయ తర్కమును గూర్చి. దీనికి ముందుగ చట్టములు చదివియుండవలెనని భయపడనక్కరలేదు. ప్రశ్నలోనే ఒక సూత్రమును, ఒక సంఘటనను ఇత్తురు. సూత్రమును సంఘటనకు అన్వయించి జవాబు చెప్పవలెను. ఒక ఉదాహరణ చెప్పెదను. “ఒకరి స్వాధీనములో నున్న చరాస్తిని వారి సమ్మతి లేకుండ, కాజేయవలెనను దురుద్దేశముతో కదలించుట దొంగతనము” అని సూత్రమిచ్చినారనుకొనుడు. సంతలో ఒకడు తనదే యనుకొని, అదే రంగుగల పొరుగువాని సైకిలును ఇంటికి తీసికొనిపోయినాడు. ఇది దొంగతనమా?

మీలో కొందరు “చూసుకోవద్దా? పరాయి సొమ్ము తీసుకుపోతే దొంగతనమే” అందురు. ఇంకొకరు “పాపం మంచివాడు, వదిలెయ్యండి” అందురు. రెండును పరీక్షలో చెల్లని తీరులే. సమ్మతి లేదు, వస్తువును కదలించినాడు. కాని దురుద్దేశము లేదు. సూత్రములోని అంగములలో ఒకటి లోపించినది. కావున ఆ సూత్రము ప్రకారము అది దొంగతనము కాదు. మనిషి మంచిచెడ్డలను ప్రక్కన పెట్టి, ఇచ్చిన సూత్రమునకు కట్టుబడి ఆలోచించుటయే ఇందు పరీక్షింపబడు గుణము. తగవులు వినునప్పుడు మీకును ఇదే గుణము కావలెను గదా!

వేగమునకు అభ్యాసము కావలెను. రాష్ట్ర పరీక్షలో 90 నిమిషములకు 120 ప్రశ్నలనగా ఒక్కొక్క ప్రశ్నకు 45 సెకండ్లే. తెలిసిన ప్రశ్న వద్దనే రెండు నిమిషములు కూర్చున్నవాడు, తెలిసియున్న మరి రెండు ప్రశ్నలను చూడకుండనే లేచిరావలసి వచ్చును. అందువలన వారమునకు ఒక దినము, గడియారము ఎదుట పెట్టుకొని పాత ప్రశ్నపత్రము ఒకదానిని పూర్తిగ వ్రాయవలెను. తరువాత తప్పులను ఒక పుస్తకములో ఎక్కించి, తెలియక పోయినదెంత, తొందరలో పోయినదెంత, ప్రశ్నను సరిగ చదువక పోయినదెంత అని వేరుచేసి చూచుకొనవలెను. ఎన్ని మార్కులు వచ్చినవో చూచుకొని పుస్తకము మూయుట కంటె, ఈ లెక్క వలన మేలు హెచ్చు.

ఇంగ్లీషు పరీక్షకు పోదలచినవారు కనీసము ఒక సంవత్సరము ముందునుండి ప్రతిదినము ఒక ఇంగ్లీషు పత్రికలోని సంపాదకీయమును నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువవలెను. మొదటి నెల ఒక్క పేరాకే గంట పట్టును. పట్టనిండు. పేద విద్యార్థులకు ఈ పరీక్షలో శిక్షణ ఇచ్చుటకు ఐడియా అను సంస్థను 2010లో న్యాయశాస్త్ర ఆచార్యులు షమ్నాద్ బషీర్ గారు స్థాపించినారు. మన పిల్లలు అట్టి సంస్థల సంగతి తెలిసికొని అర్జీ పెట్టుకొనుట మంచిది.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, తేదీలను తెలియజేయుట. క్లాట్ పరీక్ష ఇటీవలి సంవత్సరములలో డిసెంబరు మాసములో జరుగుచున్నది. అనగా ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరము చదువుచుండగానే దరఖాస్తు చేయవలెను. మన పిల్లలు ఇంటర్మీడియేటు ఫలితములు వచ్చిన తరువాత వేసవిలో ఏమి చదువుదమా యని విచారించుచున్నారు. అప్పటికి ఆ ద్వారము మూసియుండును. రాష్ట్ర పరీక్ష మాత్రము వేసవిలో జరుగును. ప్రకటన వెలువడిన దినముననే పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డుపై తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. గ్రామసభలో ఒకసారి చదివి వినిపింపుడు. దీనికి నిధులు అక్కరలేదు.

రెండవది, ధ్రువపత్రములు. కులము, ఆదాయము, స్థానికత, ఆర్థికముగ బలహీన వర్గము వీనికి సంబంధించిన పత్రములు లేక సీటు చేజార్చుకొన్నవారిని నేనెరుగుదును. ఆర్థికముగ బలహీన వర్గముల పత్రము ఆర్థిక సంవత్సరమును బట్టి చెల్లును గనుక పాతది పనికిరాదు. తండ్రి పేరు ఒక కాగితములో ఒక తీరుగ, మరొకదానిలో మరొక తీరుగ ఉన్నచో సవరించుటకు వారములు పట్టును. ఇంటర్మీడియేటు చదువుచున్న పిల్లల పట్టికను వార్డుల వారీగ తయారుచేసి, ముందుగనే ఈ పత్రములను సిద్ధము చేయించుట వార్డు సభ్యులు చేయదగిన పని.

మూడవది, చదువుకొను చోటు. ఒకే గదిలో టీవీ, వంట, చుట్టములు, చిన్నపిల్లలు ఉన్న ఇంటిలో గడియారము పెట్టుకొని పరీక్ష వ్రాయుట సాధ్యమా? సాయంకాలము తరువాత పంచాయతీ భవనము గాని, పాఠశాలలోని ఒక గది గాని ఖాళీగనే ఉండును. ఒక దీపము, ఒక బల్ల, తెలుగు పత్రిక ఒకటి, ఇంగ్లీషు పత్రిక ఒకటి ఉన్నచో అదియే గ్రంథాలయము. ఆడపిల్లలు కూడ వచ్చునట్లు వేళలను నిర్ణయించి, పెద్దదిక్కుగ ఒకరు అక్కడ ఉండునట్లు చూడవలెను.

నాలుగవది, కంప్యూటరు అలవాటు. ఎన్నడును మౌసు పట్టని పిల్లవాడు పరీక్షాకేంద్రములో మొదటి పది నిమిషములు దానితోనే తంటాలు పడును. పాఠశాలలో గాని, కార్యాలయములో గాని ఉన్న కంప్యూటరుపై నాలుగైదు సార్లు నమూనా పరీక్ష వ్రాయనిచ్చినచో ఆ బెదురు తీరిపోవును.

అయిదవది, ప్రయాణము. పరీక్షాకేంద్రము పట్టణములో ఉండును. తొలి బస్సు తప్పినచో సంవత్సరము తప్పినట్లే. వేళ దాటిన పిదప లోనికి రానీయరు. ఊరినుండి ఇద్దరు ముగ్గురు వ్రాయుచున్నచో కలిపి ముందు దినముననే పంపించుట, తెలిసినవారి ఇంట బస ఏర్పాటు చేయుట మంచిది. కూతురిని ఒంటరిగ పంపలేక పరీక్షయే మాన్పించు తలిదండ్రులు కలరు. వారి కూతురితోపాటు ఒక మహిళా సభ్యురాలు వెళ్ళినచో ఆ చిక్కు తొలగును.

ఆరవది, మోసగాండ్ర నుండి కాపాడుట. సీటు ఇప్పింతుమని, పరీక్ష అక్కరలేదని, ఇంటివద్ద కూర్చుండియే న్యాయవాది కావచ్చునని చెప్పువారు కలరు. దూరవిద్య ద్వారా పొందిన ఎల్‌ఎల్‌బీ పట్టముతో న్యాయవాదిగ నమోదగుటకు వీలులేదు. చేరబోవు కళాశాలకు ఆ సంవత్సరమునకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదము ఉన్నదో లేదో విచారించిన తరువాతనే డబ్బు కట్టవలెను.

పరీక్ష నాడు

పరీక్ష ముందురాత్రి తెల్లవార్లు మేల్కొని చదువుట మంచిది కాదు. నిద్ర లేని ఎద్దును అరకకు కట్టినచో చాలు వంకరపోవును గదా! హాల్ టికెట్టు, గుర్తింపు పత్రము ముందురాత్రియే సంచిలో పెట్టుకొనవలెను. అలవాటైన తిండి తిని పోవలెను.

హాలులో కూర్చున్న వెంటనే గుండె దడదడలాడుట సహజము. చదివినదంతయు మరచిపోయినట్లు తోచును. మరచిపోయినది ఏమియు లేదు. బెదురు కొంతసేపు దానిని కప్పియుంచును. కళ్ళు మూసికొని, నింపాదిగ అయిదారు సార్లు గాలి పీల్చి వదలి, మిక్కిలి తేలికయైన ప్రశ్నతో మొదలుపెట్టవలెను. నాలుగు జవాబులు వ్రాయగనే మనస్సు కుదుటపడును. తెలియని ప్రశ్నపై పంతము పట్టక ముందునకు సాగి, చివర తిరిగిరావలెను. రాష్ట్ర పరీక్షలో తప్పునకు మార్కు పోదు గనుక ఒక్క ప్రశ్నను కూడ ఖాళీగ వదలరాదు. క్లాట్ పరీక్షలో మాత్రము, ఇచ్చిన జవాబులలో ఒకటిరెండైనను తప్పని త్రోసివేయగలిగినప్పుడు తక్కినవానిలో ఒకదానిని గుర్తించుట లాభము. ఈ వ్యత్యాసమును పిల్లలు ముందే ఎరిగియుండవలెను.

ఫలితము వచ్చిన తరువాత

ఇది అన్నిటికంటె ముఖ్యమైన విషయము. పరీక్ష ఒక్కపూట జరుగును. ఫలితము ఊరి నోట ఏడాదిపాటు నలుగును. ఆ పూటకు ఆ పిల్లవాడు ఆ ప్రశ్నలకు ఎట్లు జవాబు చెప్పినాడన్నదే ర్యాంకు చెప్పగలదు. వాని యోగ్యతను గాని, వాని కుటుంబ గౌరవమును గాని అది కొలువజాలదు. ఈ మాట మనకు తెలిసియు, నోటితో అందుకు విరుద్ధముగ ప్రవర్తించుచున్నాము. “ఫలానావారి అబ్బాయికి వచ్చింది, నీకెందుకు రాలేదు?” అను ప్రశ్న మనకు చిన్నమాట, విన్న పిల్లకు అది చాల దూరము పోవును.

అనుకొన్న ర్యాంకు రానివారికి చెప్పదగిన విషయములు కలవు. 5 సంవత్సరముల చదువులో సీటు రానిచో డిగ్రీ చదివి 3 సంవత్సరముల చదువునకు రావచ్చును. మరుసటి సంవత్సరము పరీక్ష మరల వ్రాయవచ్చును. పేరుమోసిన విశ్వవిద్యాలయములో చదివినను, జిల్లా కళాశాలలో చదివినను, పట్టము పొందిన తరువాత రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదై, అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావలసినదే. కోర్టులో నిలుచున్నప్పుడు ఏ న్యాయమూర్తియు ప్రవేశ పరీక్ష ర్యాంకును అడుగరు. కేసు కాగితములు చదివినావా, లేదా యనునదే అచ్చట ప్రశ్న.

ఎవరైన పిల్ల గాని, పిల్లవాడు గాని భోజనము మానినను, నిద్ర మానినను, నలుగురిలోనికి వచ్చుట మానినను, “నేనెందుకు బ్రతకాలి” అను మాట అన్నను, దానిని తేలికగ తీసికొనవద్దు. దగ్గర కూర్చుండి వినుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపొండు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యపై రాత్రింబగళ్ళు ఉచితముగ ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాట్లాడుదురు. ఈ సంఖ్యను కూడ నోటీసు బోర్డుపై వ్రాయింపుడు.

ఊరికి ఏమి లాభము?

ఇంత శ్రమపడినందువలన ఊరికి ఏమి లాభమని అడుగవచ్చును. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, మరికొందరికి ఉచిత న్యాయ సహాయము పొందు హక్కు కలదు. ఆ హక్కు ఉన్నదని ఎరుగక అప్పుచేసి వ్యాజ్యము నడుపువారు పల్లెలలో ఇప్పటికిని కలరు. చట్టము ఉన్నది, చట్టమును చదివి చెప్పువారు ఊరిలో లేరు. ఒక పిల్ల ఆ చదువు చదివినచో ఎన్నో తగవులు కోర్టు దాక పోకుండనే ఆగును.

ఇప్పుడు ఆ రైతు కుమార్తె సంగతి ముగించెదను. ఆ పిల్ల పొలము గట్ల మీదుగ పోవుచున్న సంగతి మా వార్డు సభ్యురాలు కనిపెట్టినది. ఆమె ఆరవ తరగతి వరకే చదివినది. ఒకనాడు వారి ఇంటికి పోయి, ర్యాంకు మాట ఎత్తకుండ, “అమ్మాయ్, పంచాయతీ ఆఫీసుకు పేపరు వస్తోంది గాని మా ముసలివాళ్ళకి చదివి చెప్పేవాళ్ళు లేరు. పొద్దున్నే ఓ అరగంట వచ్చి చదువుతావా?” అని అడిగినది. ఆ పిల్ల మొదటి దినము మొగమాటముతో వచ్చినది. ముసలివారు ఊరకుండరు గదా! ఈ చట్టమేమిటి, ఆ తీర్పు ఏమిటి, మన పింఛనుకు దీనికి సంబంధమేమిటి అని అడుగసాగినారు. వారికి జవాబు చెప్పుటకై ఆ పిల్ల రాత్రి చదివి ఉదయము వచ్చెడిది. వర్తమాన విషయముల భాగమునకు అంతకు మించిన శిక్షణ మరి యెక్కడను దొరకదు. ఆ మరుసటి వేసవిలో మరల పరీక్ష వ్రాసినది. గొప్ప ర్యాంకు రాలేదు. జిల్లాలోని ఒక కళాశాలలో సీటు వచ్చినది. ఇప్పుడు మూడవ సంవత్సరము చదువుచున్నది.

సీటు వచ్చిన తరువాత నేను వారి ఇంటికి పోయి, నాడు రావిచెట్టు క్రింద అడిగిన ప్రశ్నకు మన్నింపుమని కోరినాను. “ఈసారి ర్యాంకు చెప్పమంటారా మామయ్యా?” అని ఆ పిల్ల నవ్వినది. “వద్దమ్మా, ఎప్పుడు బయలుదేరుతున్నావో చెప్పు, బస్సు ఎక్కిస్తాను” అన్నాను.

మొన్న సంక్రాంతికి ఆ పిల్ల సెలవులకు వచ్చినది. ఒక ముసలమ్మ చేత ఎవరో ఒక కాగితముపై వేలిముద్ర వేయించుచుండగా అటు పోవుట తటస్థించినది. “ఆగు అవ్వా, ముందు చదవనీ” అని కాగితము అందుకొని, మొదటినుండి చివర వరకు బిగ్గరగ చదివి వినిపించినది. అందులో మోసమేమియు లేదు. ముసలమ్మ విని, తెలిసికొని, ముద్ర వేసినది. తండ్రి నాడు ముద్ర వేసినప్పుడు ప్రక్కన అట్లు చదువువారు ఒక్కరు ఉన్నచో ఆయన అన్ని ఏండ్లు కోర్టు చుట్టు తిరుగవలసి వచ్చెడిదా యని నాకు తోచినది.

సభ్యులారా, ఈ సంవత్సరము మీ గ్రామములో ఇంటర్మీడియేటు చదువుచున్న పిల్లలెందరో, వారిలో న్యాయవిద్యపై ఆసక్తి గలవారెవరో మీ ఊరికి పోగానే విచారింపుడు. నోటీసు బోర్డుపై తేదీలు వ్రాయింపుడు. ఒక గది తాళము తెరువుడు. ఫలితములు వచ్చిన నాడు రావిచెట్టు క్రింద ర్యాంకు మాత్రము అడుగవద్దు.